మొహమాటం ఎవరి ఓటమి?

మొహమాటానికి పోతే కడుపయిందట. ఈ సామెత విని నవ్వనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో, చివరికి సాహిత్య సభల్లో కూడా దీన్ని సరదాగానే వాడతారు. స్నేహితుడు అడిగితే కాదనలేక హామీ సంతకం పెట్టి మునిగిన మగవాడు కూడా తన గురించి ఈ సామెతే చెప్పుకుని నవ్వుకుంటాడు. కానీ సామెతలో ఉన్నది ఆయన కాదు, కాదనలేకపోయిన ఒక ఆడమనిషి. ఆమెను అడిగినవాడు, ఆమె మొహమాటాన్ని వాడుకున్నవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించడు. మొహమాటం ఆమెది, కడుపు ఆమెది, నవ్వు మాత్రం మనందరిదీ.

స్త్రీలను కించపరిచే సామెతల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం గయ్యాళితనాన్నీ, చంచలత్వాన్నీ అంటగట్టే వాటినే ఎక్కువగా ఎత్తిచూపుతాం. నోరు మెదపలేని స్త్రీని ఎగతాళి చేసే ఈ సామెత దగ్గర కూడా కాసేపు ఆగాలి. ఎందుకంటే స్త్రీ వ్యక్తిగత హద్దుల గురించి మన సమాజం ఏమనుకుంటోందో ఇందులో ఉంది. హద్దు చెప్పే బాధ్యత పూర్తిగా ఆమెదే. చెప్పలేకపోతే తప్పు కూడా ఆమెదే.

మొహమాటం అనే మాటనే చూడండి. పాత నిఘంటువుల్లో దీనికి మొగమోటమి అనే రూపం ఉంది. దాక్షిణ్యం అని అర్థం చెప్పారు. మొగము, ఓటమి అని విడదీసి చదివితే, ఎదుటి మనిషి మొహం చూసి మన మొహం ఓడిపోవడం. అటు మంచితనం, ఇటు నష్టం, రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. అయితే ఈ మాటను ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కొలతతో వాడం. ఉన్నమాట మొహం మీద అనేసే మగవాడు ముక్కుసూటి మనిషి. అదే పని ఆడది చేస్తే నోటి దురుసు. కాదనలేని మగవాడు మెతక మనిషి, కాదనలేని ఆడపిల్ల లక్షణమైన పిల్ల. సిగ్గే ఆడదానికి అలంకారమని చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. ఆ అలంకారం వల్లే ఒకరోజు ఆమెకు అన్యాయం జరిగితే, నోట్లో నాలుక లేదా అని అడుగుతారు. పదేళ్ళ వయసులో కోసేసిన నాలుకను ఇరవయ్యేళ్ళప్పుడు ఏదని వెతకడమిది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి. బిడియం అంతా పితృస్వామ్యం తెచ్చిపెట్టిందే అని నేను అనను. కొందరు పుట్టుకతోనే బిడియస్తులు. మగవాళ్ళలోనూ ఉంటారు. నేనూ ఆ కోవలోదాన్నే. నలుగురున్న గదిలోకి వెళ్ళేముందు చెప్పులు విడిచేచోట నిలబడి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. సాహిత్యంలో డాక్టరేట్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. పోవాలని ఇప్పుడు కోరుకోవడం కూడా లేదు. బిడియం జబ్బు కాదు, మందు అక్కర్లేదు. నా ప్రశ్నల్లా ఒకటే. తన హద్దును తాను నిర్ణయించుకునే హక్కు బిడియస్తురాలికి ఉందా, లేక ఆ హక్కు గొంతున్న వాళ్ళకేనా?

మన స్త్రీవాద సాహిత్యం ఈ ప్రశ్నను ఎలా చూసింది? ప్రధానంగా ధిక్కారం వైపు నుంచి చూసింది. 1879లో ఇబ్సెన్ నాటకంలో నోరా తలుపు మూసి బయటికి నడిచిన చప్పుడు లోకమంతా వినిపించింది. మనకు రంగనాయకమ్మ 'జానకి విముక్తి', ఓల్గా 'స్వేచ్ఛ' (1987) ఉన్నాయి. జానకి నోరులేని భార్యగా మొదలవుతుంది. చదువుతో, ఆలోచనతో మారుతుంది. ఇటువంటి నవలల్లో మౌనం దాటవలసిన మెట్టు. దాటాక దొరికేది మాట, ఆ తర్వాత స్వేచ్ఛ. ఆ నవలలు లేకపోతే నాలాంటివాళ్ళం ఈ వ్యాసాలు రాసే చోటుకే వచ్చి ఉండేవాళ్ళం కాదు. అయినా ఒక లోటు మిగిలింది. ఇల్లు వదిలి వెళ్ళవలసినంత పెద్ద అన్యాయం లేకుండానే రోజూ హద్దులు చెరిగిపోయే జీవితాలుంటాయి. జీతమెంతని అడిగే పొరుగావిడ, పిల్లలెందుకు లేరని ఆరా తీసే చుట్టం, ఫోటో దిగుతూ భుజం మీద చెయ్యి వేసే పెద్దమనిషి. వీళ్ళ కోసం తలుపు మూసి వెళ్ళిపోలేం. అలాగని అరవడం అందరికీ చేతకాదు. ఆ స్త్రీ మన కథల్లో ఇంకా మారాల్సిన పాత్రగానే కనిపిస్తుంది. మారకుండానే గౌరవం పొందదగిన మనిషిగా అరుదుగా కనిపిస్తుంది.

దీనికి బాగా దగ్గరగా వచ్చింది జయప్రభ 'చూపులు' కవిత. వీధిలో, బస్సులో మగవాళ్ళ చూపులు ఒంటిని గుచ్చుతూ ఉంటే ఆ చూపుల్ని తిరిగి ఎదుర్కోవడం నేర్చుకున్న స్త్రీ అందులో ఉంది. గమనించాల్సిందేమిటంటే ఆ కవితలో ఆయుధం మాట కాదు, చూపే. నోరు తెరవకుండా కూడా హద్దు గీయవచ్చునని ఆ కవిత ఎప్పుడో చెప్పింది. మనం దాన్ని కోపానికి గుర్తుగా చదివాం కానీ, మాట్లాడలేని వాళ్ళకు ఒక పద్ధతిగా చదవలేదు.

ఇదే కవయిత్రి పైటను తగలెయ్యాలన్నప్పుడు, జూపాక సుభద్ర కొంగు గురించి రాసిన కవిత మరో వైపు చూపించింది. పనిచేసే దళిత స్త్రీకి కొంగు సిగ్గును కాపలా కాసే గుడ్డ కాదు, ఆమె కష్టంలో పాలుపంచుకునే పనిముట్టు. సిగ్గు కూడా కులాన్ని బట్టి పంచిన సరుకేనని ఆ కవిత నాకు నేర్పింది. ఒక ఇంట్లో పిల్ల మౌనాన్ని మర్యాద అన్న నోరే, కూలికి వచ్చిన స్త్రీ మాట్లాడితే పొగరంటుంది. దొర ముందు ఆమె తలవంచుకుంటే దాన్ని మొహమాటం అనలేం. కాదంటే కూలి పోతుంది, అది భయం. మొహమాటాన్నీ భయాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఒకటి మనిషి లోపలిది, ఇంకొకటి ఎదుటివాడి చేతిలో ఉన్నది. అయితే ఈ రెంటినీ వాడుకునేవాడు మాత్రం ఒకే పద్ధతిలో వాడుకుంటాడు. ఆమె ఏమీ అనలేదు కదా అంటాడు.

మాది బొగ్గుబాయి ఊరు. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, రామగుండం, ఇవన్నీ షిఫ్టుల మీద నడిచే ఊళ్ళు. కంపెనీ క్వార్టర్లలో ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ. ఒకరింట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్ముతారు. ఇలాంటి చోట హద్దులే ఉండవని బయటివాళ్ళు అనుకుంటారు. కానీ అందరూ పాటించే ఒక హద్దు మా వీధుల్లో ఉంది. పట్టపగలు ఎవరైనా తలుపు కొడితే ఇల్లాలు గొంతు తగ్గించి, "నైట్ డ్యూటీ జేసొచ్చి పండుకున్నడు" అంటుంది. అంతే. చందాలవాళ్ళు, చిట్టీ పైసలకు వచ్చినవాళ్ళు, ముచ్చట పెట్టడానికి వచ్చిన పక్కింటి వదినె, అందరూ వెనక్కి తిరుగుతారు. ఆడుకునే పిల్లల్ని అవతలి గల్లీకి తోలుతారు. ఎవరూ ఏమీ అనుకోరు. రాత్రంతా భూమి కింద ఉండి వచ్చినవాడికి నిద్ర చాలకపోతే మళ్ళీ రాత్రికి అతనికీ, అతని పక్కన పనిచేసేవాళ్ళకీ ప్రమాదమని కాలనీలో అందరికీ తెలుసు. ఆ హద్దు వెనక ప్రాణాలున్నాయి, అందుకే దానికి అంత గౌరవం.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథను నేను ఈ వీధిని తలుచుకుంటూ చదివాను. కడుపునిండా నిద్రపోవడానికి జీవితమంతా మొహం వాచిన ఒక గృహిణి కథ అది. చివరికి ఆమె నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది. ఆమె నిద్రను ఎవరూ కావాలని దొంగిలించరు. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న పనికి లేపుతారు. ఆమె లేస్తుంది. మా కాలనీలో మొదటి షిఫ్టు డబ్బా కట్టడానికి తెల్లవారకముందే లేచి, రెండో షిఫ్టు నుంచి అర్ధరాత్రి వచ్చినాయనకు అన్నం పెట్టి పడుకునే ఆడవాళ్ళు ఎంతోమంది. "ఆమె పండుకున్నది, మల్ల రాపో" అని ఒకరు మరొకరిని తిప్పి పంపడం నేను వినలేదు. అతని నిద్రకు వీధంతా కాపలా. ఆమె నిద్రకు ఆమె కూడా కాపలా ఉండదు. ఛాయాదేవి కథ పేరులోని వెటకారం మా వీధిలో చదివితే ఇంకా పదునుగా తగులుతుంది.

అయితే ఆ ఇల్లాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఆయన మొదటి షిఫ్టుకు పోయిన రోజున కూడా, "నైట్ డ్యూటీ జేసొచ్చి పండుకున్నడు" అని చెప్పి తలుపు దగ్గరికి వేసుకునే వాళ్ళు నాకు తెలుసు. దాన్ని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు. అది అరువు. తనకంటూ హద్దు లేనప్పుడు మొగుడి హద్దును అరువు తెచ్చుకోవడం. ఇలాంటి అరువులు మన దగ్గర బోలెడు. ఆయన తిడతాడు, అత్తమ్మ ఒప్పుకోదు, ఉపవాసం ఉన్నాను, పిల్లల పరీక్షలు, తలనొప్పి. ఇన్ని కారణాలు చెబుతాం గానీ, నాకు ఇష్టం లేదు అనే ఒక్క కారణం చెప్పం. బిడియస్తురాలికి ఈ అరువులే ఊతకర్రలు. మరి భర్త లేని స్త్రీ, పెళ్ళి చేసుకోని స్త్రీ, భర్తను వదిలిన స్త్రీ ఎవరి దగ్గర అరువు తెచ్చుకోవాలి? గనుల ఊళ్ళో ఇది ఊహించుకుని అడిగే ప్రశ్న కాదు. చనిపోయిన కార్మికుడి ఉద్యోగం భార్యకో, కూతురికో వచ్చిన ఇళ్ళున్నాయి. మగవాళ్ళ మధ్య పనిచేయడానికి వెళ్ళిన ఆ స్త్రీకి మొదటిరోజు నుంచే సొంత హద్దు కావాలి.

ఆమె మొదట వాడే మాట ఏమిటో మనందరికీ తెలుసు. అన్నా. ఆటో ఎక్కితే అన్నా, ఆఫీసులో కాగితం అడిగితే అన్నా. తెలంగాణలో ఈ పిలుపు ఎంత ఆత్మీయమైనదో అంత రక్షణ కవచం కూడా. ఒక్క మాటతో ఎదుటి మగవాడిని ఒక వరసలో నిలబెట్టి, ఇక్కడి వరకే అని చెప్పడం. వేర్వేరు ఊళ్ళ నుంచి, రాష్ట్రాల నుంచి వచ్చి గనుల చుట్టూ చేరిన జనం ఇలా వరసలు కలుపుకునే ఒక ఊరయ్యారు. ఆ వరసలే కష్టంలో, చావులో ఆదుకున్నాయి. కానీ వరసలు రెండు వైపులా పదునున్న కత్తి. అన్న వరస హద్దు గీస్తే, బావ వరస ఆ హద్దును తుడిచేస్తుంది. మరదలు వరసైన పిల్లను ఏడిపించడం బావల హక్కయింది. పిల్ల ముడుచుకుపోతే సిగ్గుపడిందని ఇంకా నవ్వుతారు. విసుక్కుంటే, "తమాషాకన్నడు, గింతదానికే ఏందే" అని ఇంట్లోవాళ్ళే సర్దిచెబుతారు. వరస మీద నిలబడిన హద్దు ఎదుటివాడు ఆ వరసను ఒప్పుకున్నంతసేపే నిలుస్తుంది. నేను నీ అన్నను కాను అని అతను నవ్వుతూ అన్న మరుక్షణం ఆమె చేతిలో ఏమీ ఉండదు.

వింతేమిటంటే, కాదనడం ఎలాగో మా ప్రాంతానికి ఒకరు నేర్పనక్కర్లేదు. 1981లో, ఒక్కరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామంటే సింగరేణి కార్మికులు 56 రోజులు బాయి దిగలేదు. 2011 సకలజనుల సమ్మెలో బొగ్గు ఆగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మా ఊళ్ళోకి వద్దంటే ఆ మాట రాష్ట్రమంతా పాకింది. పదిమంది కలిసి అన్న 'వద్దు'కు మన దగ్గర పాటలున్నాయి, కథలున్నాయి, స్తూపాలున్నాయి. ఒక్కతే, మెల్లగా, గొంతు వణుకుతూ అన్న 'వద్దు'కు మాత్రం సాహిత్యంలోనూ చోటు తక్కువే. సమ్మెలో ముందు నడిచిన కార్మికుడు కూడా ఇంటికొచ్చి, మా చెల్లెకు మాట్లాడుడే రాదని చుట్టాల ముందు నవ్వుతాడు.

చట్టం ఏం చేసిందో కూడా చూద్దాం. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లో పనిచేయకుండా, గని పైభాగంలో కూడా రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనిచేయకుండా నిషేధించింది. రక్షణ పేరుతో గీసిన ఆ హద్దును స్త్రీని అడిగి గీయలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో సడలింపు ఇచ్చింది. అందులో ఒక షరతు, ఆ స్త్రీ రాతపూర్వకంగా సమ్మతి తెలపాలని. అరవై ఏడేళ్ళ తర్వాత ఆమె ఇష్టం ఒక కాగితం మీద అవసరమైంది. ఇంట్లో ఎవరి తలనొప్పినో అరువు తెచ్చుకునే స్త్రీకి, గనిలో మాత్రం తన సంతకం తన ఇష్టానికి గుర్తు. ఆ సంతకం నిజంగా ఇష్టంతో పెట్టిందా లేక పైవాళ్ళ మొహం చూసి పెట్టిందా అన్నది మళ్ళీ మొహమాటం ప్రశ్నే.

ఈ ప్రశ్న ఎంత దూరం పోతుందో మన పొరుగునే ఉన్న అప్పటి చంద్రపూర్ జిల్లా చూపించింది. 1972లో అక్కడి దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషన్లో ఒక ఆదివాసీ బాలిక మీద ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణ మథుర కేసుగా పేరుపడింది. నిస్సహాయంగా లొంగిపోవడం సమ్మతి కాదని బొంబాయి హైకోర్టు గుర్తించింది. సుప్రీంకోర్టు మాత్రం 1978లో, ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ప్రతిఘటన లేనట్టుగా చదివి, నిందితులను విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ సమ్మతికీ లొంగుబాటుకూ ఉన్న తేడాను దేశం ముందు పెట్టింది. 1983లో చట్టం కొంత మారింది. ప్రతిఘటించకపోయినంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలోకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది. మౌనం అర్ధాంగీకారం అనే సామెతను కొట్టివేయడానికి ఇన్నేళ్ళ పోరాటం కావలసివచ్చింది. అదే 2013లో పనిచేసేచోట లైంగిక వేధింపులపై వచ్చిన చట్టం కూడా, ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టమా కాదా అన్నదాన్నే గీటురాయిగా పెట్టింది.

అత్యాచారాన్నీ, పేరంటంలో అడిగే ప్రశ్ననూ ఒకే తూకంలో వేయడం లేదు. రెండుచోట్లా ఒకే తర్కం పనిచేస్తుందంటున్నాను. ఆమె గట్టిగా చెప్పలేదు కాబట్టి నాకు తెలియలేదు. ఈ తెలియకపోవడం ఎంత నిజమో నాకు ఒక సదస్సులో అర్థమైంది. కొన్నేళ్ళ కిందట, పత్ర సమర్పణ అయ్యాక అందరం ఫోటోకు నిలబడ్డాం. పక్కనున్న పెద్దమనిషి నా కుడి భుజం మీద చెయ్యి వేశాడు. నేను మాట్లాడలేదు. భుజాన ఉన్న సంచీని ఎడమ నుంచి కుడికి మార్చుకున్నాను. ఆయన సంచీ వైపు ఒకసారి చూశాడు. నవ్వుతూ ఇటు తిరిగి వచ్చి ఎడమ భుజం ఎంచుకున్నాడు. నేను చెప్పింది ఆయనకు అర్థమైంది. అర్థమైనందుకే వైపు మార్చాడు.

బిడియస్తులు మౌనంగా ఉంటారన్నది పొరపాటు అభిప్రాయం. కుర్చీ జరుపుకుంటారు, స్నేహితురాలిని వెంట తెచ్చుకుంటారు, టీ వద్దంటారు, సమాధానం ఆలస్యంగా ఇస్తారు, నవ్వు పెదవుల దగ్గరే ఆపేస్తారు. ఇదంతా భాషే. కవిత్వంలో కవి చెప్పకుండా వదిలిన మాటను పట్టుకోవడం మన విమర్శకులకు గొప్ప విద్య. పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీని పేజీలకొద్దీ వివరిస్తాం. ఎదుట కూర్చున్న స్త్రీ జరుపుకున్న కుర్చీని చదవలేమా? చదవగలం. చదవడం మన లాభానికి అడ్డం కాబట్టి మానేస్తాం. అందుకే మొహమాటస్తురాలికి ధైర్యం నేర్పే పాఠాలకంటే ముందు, ఎదుటివాళ్ళకు చదవడం నేర్పే పాఠాలు కావాలంటాను. ఈ ఎదుటివాళ్ళలో మగవాళ్ళే కాదు, మన సంఘాల్లో, మన సభల్లో, నువ్వు మాట్లాడాల్సిందేనని మైకు చేతిలో పెట్టే మనమూ ఉన్నాం.

హద్దు అంటే పగ అనుకుంటారు, అదొక భయం. గనుల దగ్గర పెరిగినవాళ్ళు అలా అనుకోనక్కర్లేదు. గని సరిహద్దు పొడుగునా కొంత బొగ్గును ఎంత విలువైనదైనా తవ్వకుండా వదిలేస్తారు. ఒక గనిలో చేరిన నీళ్ళు పక్క గనిలోకి విరుచుకుపడకుండా ఆ గోడే కాపాడుతుంది. రెండు గనులూ బతకడానికే అది అక్కడ ఉంది. మనిషికీ మనిషికీ మధ్య కూడా తవ్వకుండా వదిలేయాల్సింది కొంత ఉంటుంది.

ఎదుటివాళ్ళు నేర్చుకునేదాకా ఆగలేని బిడియస్తురాలికి, మన భాషే ఒక చిన్న సాయం చేసి పెట్టింది. రాను. ఇవ్వను. చెప్పను. తినను. ఈ మాటల్ని గమనించండి. పని, దాన్ని కాదనడం, కాదంటున్న 'నేను', మూడూ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఆ చివరి 'ను'లో మనిషి నిలబడి ఉంది. ఆ మాటకు కారణం జోడించమని ఏ వ్యాకరణమూ అడగలేదు. ఏమనుకోకండి, అది కాదు గానీ, మా ఇంట్లో ఏమంటే, ఇవన్నీ మనకు పెంపకం అంటించినవి. గొంతు పెంచనక్కర్లేదు, కళ్ళెత్తి చూడలేకపోయినా ఫరవాలేదు. మెల్లగా అన్నా 'రాను' అంటే రాను అనే అర్థం. విన్నవాళ్ళు ఎందుకని అడక్కుండా సరే అన్న రోజున, ఓటమి అనే మాట మన మొహాల మీంచి పోతుంది.